ఇరవై ఎనిమిది చొక్కాలు, ఇంకొకటి

బఫెలో మిల్లర్స్ బేస్‌బాల్ జట్టులోకి ఇరవై ఆరేళ్లలో ఎందరో వచ్చారు, ఎందరో పోయారు. వాళ్ల వీపుల మీద పేర్లు కుట్టిన చెయ్యి మాత్రం ఒక్కటే. అది మా పోలిష్‌వాళ్ల పేట కైజర్‌టౌన్‌లో ఉండే బర్నీస్ కుబియాక్‌ది. స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది ఒకటి ఆవిడకిచ్చారు. అందులో ఒక కుట్టుమిషను, పొడుగాటి బల్ల, గోడకి మేరీమాత బొమ్మ, దాని పక్కనే ఆ ఏటి ఆటల పట్టిక. ఆవిడ ఆ రెండింటిలో దేన్ని ఎక్కువసార్లు చూసేదో దేవుడికే తెలియాలి.

పేరు కుట్టడమంటే అక్షరాలు పేర్చి చుట్టూ మిషను తిప్పడం కాదని బర్నీస్ నమ్మకం. కొత్త ఆటగాడు ఎవడొచ్చినా ముందు ఎదురుగా నిలబెట్టి, చేతులు ఎత్తించి దింపించి, ఏ చేత్తో బంతి విసురుతాడో అడిగేది. ఆ భుజం వైపు బట్ట అర వేలు మందం వదులు ఉంచి కుట్టేది. "భుజం దగ్గర బిగిస్తే బంతి పక్కకి పోద్ది. పోతే జనం వాణ్ణి తిడతారు గానీ నన్ను తిట్టరు. అదే నాకు భయం" అనేది. భర్త వాల్టర్ పోయాక ఆవిడకి ఇల్లంటే ఆ గదే.

ఆ జట్టులో రాయ్స్ టాలివర్ అని ఒక మహానుభావుడు. బ్యాట్ పట్టుకుంటే బంతి మైదానం దాటి రోడ్డు మీద పడేది. నోరు విప్పితే మాత్రం పక్కన పసిపిల్లలు ఉండకూడదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. అంపైర్ల మీద అరవడం, హెల్మెట్ నేలకేసి కొట్టడం, మంచినీళ్ల డబ్బాని తన్నడం, ఆనక జరిమానా, ఆ తరువాత నాలుగు ఆటలు బయట కూర్చోవడం. ఒళ్లు తెలియని కోపం వస్తే సొంత చొక్కా గుండీలే తెంపుకునేవాడు. మర్నాడు ఆ చొక్కా తెచ్చి బర్నీస్ బల్ల మీద పడేసేవాడు.

"ముసలమ్మా, గుండీలు."

"ఈసారి ఎవడు పీకాడు?"

"నేనే."

"నీ గుండీలు కుట్టడానికే మా అమ్మ నన్ను కన్నట్టుంది. దయచేసి అనే మాట మీ ఊళ్లో లేదా అబ్బాయ్?"

"ఉంది. వాడకం తక్కువ."

తొంభై నాలుగులో టాలివర్ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆగస్టులోనే సమ్మె వచ్చిపడింది. జీతాలకి హద్దు గీస్తామని యజమానులు, గీస్తే ఆడేది లేదని ఆటగాళ్లు. మిల్లర్స్‌లో యూనియన్ ప్రతినిధి మరెవరో కాదు, టాలివరే. జట్టంతా బ్యాట్లు సర్దుకుని వెళ్లిపోయింది. సెప్టెంబరులో మిగిలిన ఆటలన్నీ రద్దు చేశారు. అక్టోబరులో లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి టాలివర్‌కి వచ్చిందని పేపర్లో వేశారు గానీ, చప్పట్లు కొట్టడానికి స్టేడియంలో పావురాలు తప్ప ఎవరూ లేరు. ఆ బహుమతి ఫలకాన్ని వచ్చే ఏడు మొదటి ఆట రోజున మైదానం మధ్యలో ఇవ్వడం ఆనవాయితీ. ఎవరి చేతుల మీదుగా అందుకోవాలన్నది గెలిచినవాడి ఇష్టం.

రొట్టెల కొట్లో జనం ఆటగాళ్లని దుమ్మెత్తి పోశారు. లక్షలు తీసుకునేవాడికి సమ్మె ఎందుకన్నారు. బర్నీస్ ఊరుకోలేదు. "ఎవడి జేబు ఎంత లావో చూసి సమ్మె గీత గియ్యరు. గీత గీతే" అంది. ఆవిడ నాన్న పిండి మిల్లు కార్మికుడు. ఆవిడకి పదకొండేళ్లప్పుడు మిల్లులో సమ్మె జరిగితే ఆయన సొంత తమ్ముడే గేటు ముందు సమ్మెవాళ్లు కట్టిన గీత దాటి పనిలోకి పోయాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం బల్ల చుట్టూ నిలబడి పల్చటి అప్పం ఒకరిది ఒకరు విరుచుకుని తినడం మా వాళ్లకి ప్రాణం. అది విరిచాక ఏ పగా మిగలకూడదు. నాన్న ఆ అప్పం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లి, తమ్ముణ్ణి మాత్రం గోడని దాటినట్టు దాటిపోయేవాడు. పంతొమ్మిది క్రిస్మస్‌లు అలాగే గడిచాయి. గీత దాటడమంటే ఏమిటో బర్నీస్‌కి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో యజమానులు కొత్త ఎత్తు వేశారు. సమ్మెలో ఉన్నవాళ్ల బదులు ఎవరు దొరికితే వాళ్లతో ఆడిస్తామన్నారు. బడి పంతుళ్లు, లారీ డ్రైవర్లు, ఎప్పుడో ఆట మానేసినవాళ్లు వరస కట్టారు. సామాన్ల మేనేజరు హాల్ డోర్సీ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి బర్నీస్ బల్ల మీద పెట్టాడు. హాల్ మంచివాడే. భయస్తుడు, అంతే.

"కొత్త పేర్లు బర్నీస్. ముప్పై రెండు. సోమవారానికి కావాలి."

"ఎవరివి?"

"ఎవరివో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టకు."

"నేను కుట్టను హాల్."

"నువ్వేం యూనియన్‌లో లేవు కదమ్మా! సమ్మె వాళ్లది."

"సమ్మె వాళ్లదే. సూది నాది."

హాల్ బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్లీ బతిమాలాడు. సాయంత్రానికి ఆఫీసునుంచి కాగితం వచ్చింది. బర్నీస్ మేరీమాత బొమ్మని చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. యాభై తొమ్మిదేళ్ల వయసులో పని పోయిన మనిషి ఏడవాలి. ఆవిడకి మాత్రం, ఈ ఒక్కరోజుకి నాన్న ఎదురుపడితే తల ఎత్తి చూడగలననిపించింది.

ఆ సుఖం తొమ్మిది రోజులుంది.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి సూపు వేడి చేసుకుంటుంటే, పక్కింటి గ్యారీ నోవాక్ తలుపు కొట్టాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, రొట్టెల బండి నడుపుతాడు. ఒకప్పుడు చిన్న లీగుల్లో ఏడేళ్లు బంతి విసిరాడు. మోచెయ్యి దెబ్బతిని ఇంటికొచ్చాడు. చంకలో మిల్లర్స్ చొక్కా ఉంది.

"లోపలికి రా. ఆ చొక్కా మాత్రం గుమ్మం బయటే పెట్టు" అంది బర్నీస్.

"చోచీ..." అన్నాడు, చొక్కా చంకలోనే ఉంచుకుని. మా వీధిలో పిన్నినైనా, అత్తనైనా, పక్కింటావిణ్ణయినా చోచీ అనే పిలుస్తారు.

"నువ్వూ చేరావన్నమాట."

"చేరాను. మంగళవారం సన్నాహక ఆటలకి ఫ్లోరిడా వెళ్తున్నాను. అక్షరాలు జిగురు పెట్టి ఇస్త్రీతో అంటించారు చోచీ. ఫోటోలు తీసేటప్పటికే చివరి అక్షరం ఊడి వేలాడింది. అందరూ ఒకటే నవ్వు."

"నవ్వనీ! యూనియన్‌వాళ్లు నిన్ను ఈ జన్మకి చేర్చుకోరు, తెలుసా?"

"తెలుసు. నాకు ముప్పై నాలుగు. వాళ్లు ఎలాగూ పిలిచేవాళ్లు కాదుగా. వీపు మీద పేరున్న చొక్కా వేసుకుని పెద్ద లీగ్ బంతి ఒక్కటి విసరాలని నాకు ఏడో ఏటి నుంచీ ఉంది. తప్పే. కాదనట్లేదు."

అతను అక్కడితో ఆపేశాడు. ఇంకొక్క మాట అడిగే హక్కు అతనికి ఉంది, అడగలేదు. డెబ్బై ఏడు జనవరిలో మంచు తుఫాను ఊరిని పాతిపెట్టినప్పుడు వాల్టర్‌కి గుండెనొప్పి వచ్చింది. కారు కాదు కదా, కుక్క కూడా కదల్లేని రోజు. పదహారేళ్ల గ్యారీ వాల్టర్‌ని పిల్లలు జారే చెక్కబండి మీద పడుకోబెట్టి, తాడు నడుముకి కట్టుకుని, పదకొండు వీధులు లాగి ఆసుపత్రికి చేర్చాడు. వాల్టర్ ఆ తరువాత తొమ్మిదేళ్లు బతికాడు. గ్యారీ ఆ మాట ఎత్తి ఉంటే బర్నీస్ తలుపు వేసేసేదేమో. ఎత్తలేదు. దాంతో ఆవిడ పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

"కూర్చో. సూపు తాగు" అని చొక్కా లాక్కుంది.

వంటింటి బల్ల మీద జిగురు అక్షరాలన్నీ ఒలిచి, అంచులు కత్తిరించి, ఇంటి మిషను మీద ఒక్కొక్కటీ కుట్టింది. ఏ చేత్తో విసురుతాడో అడగలేదు. చిన్నప్పటి నుంచి పెరట్లో చూస్తోంది, ఎడమ చెయ్యి. ఆ భుజం వైపు అర వేలు వదిలింది. "దేవుడా, నన్ను క్షమించు. మా నాన్నకి మాత్రం చెప్పకు" అని మనసులో అనుకుంది. గ్యారీ చొక్కా వెలుతురులో పెట్టి చూసి ఏడ్చేశాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, "వెళ్లిరా నాయనా. ఎవరికీ చెప్పకు" అంది.

ఏప్రిల్ మొదట్లో ఒక జడ్జి తీర్పుతో సమ్మె ముగిసింది. బదులు ఆటగాళ్లని రాత్రికి రాత్రి ఇంటికి పంపేశారు. గ్యారీ ఫ్లోరిడా ఎండలో సన్నాహక ఆటల్లో బంతులు విసిరి, లెక్కలోకి వచ్చే ఆట ఒక్కటీ ఆడకుండానే, చొక్కా మడిచి పెట్టుకుని మళ్లీ రొట్టెల బండి ఎక్కాడు.

అసలు ఆటగాళ్లు తిరిగొచ్చి చూసుకుంటే వాళ్ల కొత్త చొక్కాల మీదా జిగురు పేర్లే. బర్నీస్ ఏదని టాలివర్ అడిగాడు. హాల్ నీళ్లు నమిలి నిజం చెప్పాడు. ఆఫీసు గదిలో టాలివర్ ఏమన్నాడో రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. క్లుప్తంగా, ఆవిడ రాకపోతే జట్టు మొదటి ఆటకి బనియన్లతో దిగుతుందన్నాడు. ఆ సాయంత్రమే బర్నీస్ ఇంట్లో ఫోను మోగింది.

"ముసలమ్మా, రేపు పదింటికి రా."

వెళ్లేసరికి ఇరవై ఎనిమిది మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టాలివర్ బెంచీ ఎక్కాడు.

"మనకోసం పని వదులుకున్న మనిషి ఈ ఊళ్లో ఈవిడ ఒక్కతే. మొదటి ఆట రోజు నా బహుమతి ఈవిడ చేతుల మీదుగా తీసుకుంటాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"నాకుంది" అంది బర్నీస్.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"నేను ఒకటి కుట్టాను. ఇంట్లో. గ్యారీ నోవాక్‌ది. మా పక్కింటివాడు. డబ్బు తీసుకోలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఒకప్పుడు మంచులో నా మొగుణ్ణి బండి మీద లాగి బతికించాడు వాడు. అందుకు కుట్టాను. మళ్లీ అడిగినా కుడతాను. కానీ మీ చప్పట్లు తీసుకుని ఆ సంగతి దాచుకోలేను."

వెనక నుంచి ఒక గొంతు, "ఒకటి కుట్టినా గీత దాటినట్టే" అంది. ఇంకెవరో, "నోర్ముయ్" అన్నారు. టాలివర్ బెంచీ దిగాడు. "ఆటగాళ్లు తప్ప అందరూ బయటికి. ఓటు పెడదాం" అన్నాడు.

నడవలో హాల్ ఆవిడ పక్కన నిలబడి గుసగుసగా తిట్టాడు. "ఎందుకు చెప్పావమ్మా? ఎవడికి తెలిసేది?"

"వంటింట్లో అబద్ధంతో బతికేదాన్నేమో హాల్. నలభై వేల మంది ముందు నిలబెడతానంటున్నాడే, అక్కడెలా?"

పావుగంట పట్టింది. ఆవిడ జపమాల సగం కూడా తిప్పలేకపోయింది. తన గది తలుపు వైపు చూసింది. ఆ గది లేకపోతే ఇంక తను ఎవరు?

టాలివర్ తలుపు తీశాడు. "ఇరవై ఐదు, మూడు. నీ పని నీదే. బహుమతి కూడా నువ్వే ఇస్తావ్."

"ఎవరా ముగ్గురు?"

"చీటీల ఓటు. నాకూ తెలీదు." తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగాడు. "పదకొండు వీధులు లాగాడా నిజంగా? ఆ తుఫానులో?"

"లాగాడు."

"అయితే నువ్వు కుట్టాల్సిందే. నేను మాత్రం వాడితో చెయ్యి కలపను."

"కలపమని నేనడిగానా?"

ఆవిడ తన గదిలోకి వెళ్లేటప్పటికి చొక్కాలు బల్ల మీద పడేసి ఉన్నాయి. లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. వద్దని ఓటేసిన ముగ్గురివీ అందులోనే ఉన్నాయి. ఓడినవాళ్లు కూడా మిగతావాళ్లతో పాటు చొక్కాలు తెచ్చి ఇచ్చారు. బర్నీస్ కుర్చీలో కూలబడి, పోలిష్‌లో, ఇంగ్లీషులో, వచ్చిన ప్రతి మాటతోనూ దేవుడికి దండం పెట్టుకుంది. తరువాత ఒక్కొక్కణ్ణీ పిలిచి చేతులు ఎత్తించి, దింపించి, పది రోజుల్లో అన్నీ కుట్టింది. ఇది ఎవరిదో అని ఏ చొక్కా దగ్గరా ఆగలేదని చెబితే అబద్ధం. ఆగింది. కుట్టు మాత్రం మార్చలేదు.

మొదటి ఆట రోజు నలభై వేల సీట్లలో సగం ఖాళీ. వచ్చినవాళ్లు ఆటగాళ్లని చూడగానే కేకలు, ఈలలు, బూతులు. ఎవడో డాలర్ నోట్లు చింపి విసిరాడు. టాలివర్ మెడ నరాలు ఉబ్బాయి.

"ఊరుకో" అంది బర్నీస్, ఫలకం అతని చేతుల్లో పెడుతూ. "వాళ్లకీ కడుపు మండింది."

"వింటున్నావా వాళ్ల మాటలు?"

"నీ మాటలు ఇన్నేళ్లు విన్నదాన్ని. ఇవెంత?"

అతను వెళ్లి వరస చివర నిలబడ్డాడు. జట్టంతా మైదానంలోని సున్నపు గీత మీద వరసగా నిలబడి ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోబోతుంటే మొదటివాడు టోపీ తీసి చెయ్యి చాచాడు. పక్కవాడూ చాచాడు. బర్నీస్ కొత్త కోటులో, పెద్ద చేతిసంచితో, వరస పొడుగునా ఒక్కొక్క చెయ్యీ పట్టుకుంటూ నడిచింది. మనిషి కదా, ఆశ చావలేదు. ఏ ముగ్గురో ఈ చేతుల్లో తెలిసిపోతుందని, ఏదో ఒకటి చల్లగానో వదులుగానో తగులుతుందని చూసింది. చివరివాడి దాకా చూసింది. ఇరవై ఎనిమిది మందీ ఆవిడ చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకున్నారు.