ఆకుపచ్చ మూత, ఎర్ర మూత

నేను రిటైరయిన మరుసటి ఏడాది, తొంభైల చివర్లో, ఒక పాత స్కూలు వ్యాను కొన్నాను. అంతకు ముందు సంవత్సరం నా భార్యకు కామెర్లు వచ్చి మూడు నెలలు మంచం మీదే ఉంది. ప్రయాణంలో ఎక్కడో తాగిన నీళ్ల వల్లే అయి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఇకమీదట కాచిన నీళ్లే తాగాలని ఆమెకు చెప్పాడు. ఇంకోసారి వస్తే కాలేయం తట్టుకోలేదని నాకు విడిగా చెప్పాడు. ఆ రెండో మాట నా దగ్గరే ఉంచుకున్నాను. ఆమెకు ఊళ్లు తిరగడం ప్రాణం. ఇంటి నీళ్లు మాతోపాటే వస్తే భయం లేదనుకున్నాను.

కె.ఆర్.పురంలో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో పని చేయించాను. ఫిట్టరు చిత్తూరు వైపు మనిషి. నేను గీసుకెళ్లిన కాగితాలు తిరగేసి, "ఏం సార్, బండిలో ఇల్లు కట్టిస్తా ఉండారా?" అన్నాడు.

"ఇల్లు కాదప్పా. చేతులు కడుక్కునే సింకు ఒకటి, అంతే."

"ఒగ సింకుకు నాలుగు కాగితాలా? మా ఇంటి పత్రం గూడా రెండే ఉండాది."

వ్యాను వెనక భాగంలో, సింకుకు పైన ఇనుప అటక కట్టి రెండు ప్లాస్టిక్ క్యాన్లు పెట్టించాను. ఎడమ క్యానులో కాచి వడపోసిన కార్పొరేషన్ వాళ్ల కావేరి నీళ్లు, తాగడానికి. కుడి క్యానులో ఇంటి బోరు నీళ్లు, కడుక్కోవడానికి. దేని పైపు దానిదే, దేని కొళాయి దానిదే. క్యాన్లు కదలకుండా ప్లైవుడ్ పెట్టె బిగిస్తే మూతలు మాత్రమే బయటికి కనిపించేవి. తాగే నీళ్ల మూతకు ఆకుపచ్చ రంగు, రెండోదానికి ఎర్ర రంగు నేనే వేశాను.

సింకు కింద మురుగు డబ్బాకు వెళ్లే పైపుతోనే తంటా వచ్చింది. వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు పెట్టాం కానీ, స్పీడు బ్రేకర్ల మీద ఆ నీళ్లు చిందిపోయి వంపు ఖాళీ అయ్యేది. "మోరీని వెంటబెట్టుకుని తిరగతా ఉండాం" అనేది నా భార్య. వంపును ఇంకో జానెడు లోతు చేయించాక వాసన ఆగింది. అప్పటినుంచి బయలుదేరే ముందు రోజు పైపులు, జాయింట్లు, మూతలు ఒక్కొక్కటే చూసి డైరీలో టిక్కు పెట్టేవాణ్ణి. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

మా ప్రయాణానికి ముందు రోజు ఆయుధ పూజ వచ్చింది. నా భార్య వ్యానునంతా కడిగింది. క్యాన్ల మూతలు కూడా విప్పి, తోమి, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ బిగించింది. నా స్పానర్లతోపాటు డైరీ, పెన్ను కూడా పూజలో పెట్టింది. పూజలో పెట్టినవి మర్నాడు విజయదశమి పొద్దున దాకా ముట్టుకోకూడదు. చేతిలో డైరీ లేకపోతే నాకు చూడాలన్న ధ్యాసే పుట్టలేదు. మర్నాడు డైరీ తీసుకుని, ముందు రోజు గడులన్నీ కూర్చున్నచోటే నింపేశాను. మూతలు: సరి. బొట్లు పెట్టుకుని ముచ్చటగా ఉన్నాయని మాత్రం గుర్తుంది. ఏది ఎటు వైపు ఉందో చూడలేదు.

ఆ పొద్దున్నే ఆకుపచ్చ మూత తీసి కాచిన నీళ్లు, ఎర్ర మూత తీసి బోరు నీళ్లు పోసి కోలారు వైపు బయలుదేరాం. హోసకోటె దాటాక ఆమె మాత్ర వేసుకుని గ్లాసెడు నీళ్లు తాగింది.

"నీళ్లు ఉప్పగా ఉండాయేమండీ?"

"కొత్త పైపు కదా, కొన్నాళ్లు అలాగే ఉంటుంది" అన్నాను, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. ఆమె ఇంకో అరగ్లాసు తాగింది.

టిఫినుకు చింతచెట్ల కింద ఆపాం. చేతులు కడుక్కుంటుంటే సబ్బు విపరీతంగా నురగొచ్చింది. ఎంత కడిగినా జారుడు పోలేదు. మా బోరు నీళ్లకు సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. చేతులు అలాగే చాచి నిలబడిపోయాను. తర్వాత తాగే కొళాయి తిప్పి నోట్లో పోసుకున్నాను. బోరు నీళ్లే.

ఆమె డబ్బా మూత తీస్తోంది. "తినొద్దు, ఉండు" అన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు, ఇడ్లీలు ఇంటివే.

"ఏమైంది?"

"మూతలు మారాయి."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. "కడిగి పెట్టింది నేనే."

"చూడకుండా పోసింది నేను."

"ఉప్పగా ఉండాయని చెప్తిని గదా. నా నాలుక కన్నా మీకు ఆ డైరీ మీదే నమ్మకం."

రెండు క్యాన్లూ రోడ్డు పక్కన ఖాళీ చేసి వెనక్కి తిరిగాం. అన్ని బోరు నీళ్లూ చెడ్డవి కావు, కానీ నెలన్నర కనిపెట్టి చూడమన్నాడు డాక్టరు. రోజూ పొద్దున ఆమె కాఫీ తెచ్చినప్పుడు కిటికీ పక్కకు పిలిచేవాణ్ణి, పేపర్లో ఏదో చదివి వినిపించాలని సాకు చెప్పి. అన్నం తక్కువ తింటే ఎందుకని రెండుసార్లు అడిగేవాణ్ణి. ఒకరోజు కూరలో పసుపు అంటిన ఆమె వేళ్లు చూసి భోజనం మానేశాను. నాలుగో వారంలో ఆమే కుర్చీ లాక్కుని వెలుతురులో కూర్చుంది. కింది రెప్ప వేలితో లాగి, "ఊరికే ఆ పేపరు ఎందుకు, చూసుకోండి" అంది. డాక్టరు నాకు విడిగా చెప్పిన మాట ఆ రోజే ఆమెకు చెప్పాను.

"నాకు తెలుసు. ఆయన నాకూ విడిగానే చెప్పె."

నెలన్నర గడిచాక రక్తపరీక్ష. ల్యాబు మెట్ల మీద కవరు విప్పకుండా అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆమే లాక్కుని చదివింది. "అంతా సరిగ్గానే ఉండాదంట. దాహం అవతా ఉండాది."

ఎదురుగా ఎళనీరు, అదే కొబ్బరిబోండాల బండి కనిపించింది. కాయలో నీళ్లు ఎవరూ నింపినవి కావు కదా అని అటు నడిచాం. ఆమె మంచి కాయ ఏరుకుంటోంది. నేను ఆ మనిషి చేతిలోని కత్తినీ, అది తుడుస్తున్న గుడ్డనూ చూస్తూ నిలబడ్డాను.