కాలవ గట్టు మీద ఇంగ్లీషు

శేషాచలం మాస్టారు ఇంగ్లీషు క్రియలను చేసి చూపించేవారు. ఆ రోజు తొమ్మిదో తరగతి గుమ్మంలో చేతులు బార్లా చాపి నిలబడ్డారు.

"ఇదీ అబ్‌స్ట్రక్ట్ అంటే. దారి ఉండాలి. పోయేవాళ్లుండాలి. మధ్యలో ఏదో ఒకటి అడ్డం నిలవాలి. దారే లేనిచోట ఈ మాట వాడకూడదు. ఎవరైనా ఒక వాక్యం చెప్పండి."

హనుమాయమ్మ లేచింది. ఎగువ రైతులు కాలవ నీళ్లను అబ్‌స్ట్రక్ట్ చేస్తున్నారని ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పింది. మాస్టారు భేష్ అన్నారు.

ఆ పిల్ల తల్లి బసవమ్మకు కాలవ చివర ఎకరం మిరప ఉంది. పూత మీదున్న తోట నీళ్లు లేక వాడుతోంది. ఎగువన అంకమ్మరావు మెట్ట పైర్లు వెయ్యాల్సిన చేలో వరి వేసి, కాలవకు ఇసక బస్తాలతో కట్ట కట్టించాడు. కాలవ అధికారుల జీపు వస్తోందని తెలిస్తే తెల్లారేలోగా బస్తాలు తీస్తారు. జీపు మళ్లగానే మళ్లీ వేస్తారు. ఊరందరికీ తెలుసు. మాస్టారు ఉంటున్నది అంకమ్మరావు ఇంట్లోనే, ఒక వాటాలో. మాస్టారి భార్య దుర్గాంబకు ప్రాణం మీదికి వస్తే ఒంగోలు ఆసుపత్రికి చేర్చింది అతనే.

ఆ వారమే కాలవ చూడటానికి ఢిల్లీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అతనికి తెలుగు రాదు. కాలవ చివరి రైతులు మాస్టారిని బతిమాలి గట్టు మీదికి తీసుకొచ్చారు.

"మా గోడు ఆయన చెవిన వెయ్యండి మాస్టారూ. మాకు నోరుంది గానీ ఆ భాష లేదు," అంది బసవమ్మ.

అంకమ్మరావు నవ్వుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు. "చెప్పండి మాస్టారూ, మొహమాటమేంటి? మీరు మనింటి మనిషేగా!"

నీళ్లు కిందికి ఎందుకు పోవడం లేదని ఇంజనీరు అడిగాడు. మాస్టారు కాలవలోకి చూశారు. ఒడ్డు వెంట తూటికాడ పచ్చగా అల్లుకుని ఉంది.

తూటికాడ నీళ్లను అబ్‌స్ట్రక్ట్ చేస్తోందని చెప్పారు. వాక్యం చక్కగా వచ్చింది. కలుపు తీయించమని తన వాళ్లకు చెప్పి ఇంజనీరు జీపెక్కాడు.

బసవమ్మ చేతులు జోడించింది. "ఎంత బాగా చెప్పారయ్యా! ఏ పూటకొస్తయ్యి నీళ్లు?"

మాస్టారు కండువా సర్దుకున్నారు.

"తూటికాడ అన్నారేంటి మాస్టారూ?" తల్లి వెనకనుంచి హనుమాయమ్మ అడిగింది.

"ఏవే, మాస్టారినే అడిగేదానివయ్యావా?" బసవమ్మ కూతురి నెత్తిన మొట్టింది.

"మనకి నీళ్లు రావమ్మా. పద."

చిన్నపిల్ల, దానికేం తెలుసు అని ఆయన అంటారేమోనని బసవమ్మ మాస్టారి వంక చూసింది. అలా చూస్తూనే ఉంది.