పేరు అడిగే పెట్టె

ఆ పెట్టె అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మా అత్తమ్మ సౌభాగ్యకు మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్ చెప్పగానే మా ఆయన రవికిరణ్ ఆ మాట్లాడే యంత్రాన్ని తెచ్చి, నాంపల్లిలోని మా ఇంట్లో టీవీ పక్కన కూర్చోబెట్టాడు. మందుల వేళ గుర్తు చేస్తుంది, గ్యాస్ కట్టేయమంటుంది. అంతటితో ఆగితే బాగుండేది. రోజూ పొద్దున్నే అత్తమ్మను ప్రశ్నలడుగుతుంది. జవాబు వస్తే ఆకుపచ్చ దీపం, రాకపోతే ఎర్ర దీపం. ఆ చాడీలన్నీ రవి ఫోనుకు మోస్తుంది.

అన్నిటికీ జవాబు చెప్పే అత్తమ్మ, "మీ భర్త పేరేమిటి?" అనగానే నోరు మూసుకునేది.

నేను మా ఆయన్ని రవీ అని పిలుస్తాను. ఆవిడ అలా కాదు. పెళ్లయి వచ్చిన రోజు ఆడబిడ్డలు గడపలో అడ్డం నిలబడితే, కొంగు చాటున ఒక్కసారి మొగుడి పేరు చెప్పిందట. అంతే. రేషన్ దుకాణంలో అడిగినా "అబిడ్స్‌ల వాచీల దుకాణమాయన" అనేది. పెట్టె అడిగినప్పుడూ మామయ్య వైపు చూసి, కొంగు సర్దుకుని నవ్వేది. పెట్టె లెక్కలో నవ్వు జవాబు కాదు.

అది మతిమరుపు కాదు, మర్యాద అని రవికి ఎంత చెప్పినా వినలేదు. ప్రశ్న మార్చడం కంపెనీవాళ్లకు కుదరదట. పోనీ నేనే చెబుదామంటే ఆ దయ్యం గొంతు గుర్తుపడుతుంది. ఇలాగే ఎర్ర దీపాలు వస్తే అమ్మను వృద్ధుల హోంలో చేర్పిస్తానని తేల్చేశాడు.

మామయ్య బాలకిషన్‌కు గుండెల్లో రాయి పడింది. ఆ భయమంతా ఆమె మీదే కక్కేవాడు.

"జర నోరు తెరిచి చెప్పరాదు? నీ సిగ్గు పాడుగాను. నిన్ను తీస్కపోతరే."

ఆమె ఇంకా సిగ్గుపడేది.

మొన్న పొద్దున పెట్టె అడిగీ అడగకముందే "బాలకిషన్" అంది అత్తమ్మ, గట్టిగా. ఆకుపచ్చ దీపం వెలిగింది. రవి ఆఫీసు నుంచి ఫోన్ చేసి, అమ్మ బాగుపడుతోందని, ఇక హోం మాటే లేదని సంబరపడ్డాడు. నాకు మాత్రం భయమేసింది. ఆమె కొంగు సర్దుకోలేదు, నవ్వలేదు.

రైల్లో పక్కన కూర్చున్నవాణ్ణి అడిగినట్టు మామయ్యను అడిగింది.

"ఆయనకు అబిడ్స్‌ల వాచీల దుకాణముండె. మీకెర్కేనా?"

సిగ్గుపడాల్సిన మనిషి ఎదుటే ఉన్నాడని ఆమెకిక తెలియదు. మామయ్య చేతిలోని చాయ్ కింద పెట్టాడు.

"ఔ, ఎర్కే" అన్నాడు. "పెండ్లాం మీద ఊకె అరుస్తుండె."