గట్టుకి వేసిన తలుపులు

గుబ్బల భైరవస్వామిగారికి దేవుడు నలుగురు పిల్లల్నీ, వైనతేయ గోదావరి గట్టు కిందనే ఓ పెంకుటింటినీ ఇచ్చాడు. ఊరి పనుల్ని మాత్రం ఆయన ఎవరూ ఇవ్వకుండానే పుచ్చుకున్నారు. పెళ్లికి పందిరి, చావుకి పాడె, జ్వరానికి అమలాపురం డాక్టరు, అన్నీ ఆయన శాఖలే. జీతం లేదు గనక తీసేసే అధికారం కూడా ఎవరికీ లేకపోయింది.

యాభైమూడు వరదలో సరిగ్గా ఆయన ఇంటి ఎదుటే గట్టుకి గండి పడింది. జనం ఇసక బస్తాలు వేస్తుంటే గోదావరి వాటిని మర్యాదగా పట్టుకుపోతోంది. తాటి గుంజలు పాతి, అడ్డంగా బల్లలు నిలబెడితే తప్ప బస్తా ఆగదని ఆయన తేల్చారు. బల్లలెక్కడివి? తిన్నగా ఇంటికి వెళ్లి వీధి తలుపులు ఊడబెరికి తెచ్చారు. తరవాత పడకగదివి.

భార్య మంగాయమ్మగారు గట్టెక్కి వచ్చారు.

"పిల్లలున్న కొంపకి తలుపుల్లేకుండా చేస్తారేంటండీ?"

"గట్టు తెగితే తలుపులేసుకుని లోపలేం చేస్తావే, ఈత కొడతావా?"

ఆవిడ గిరుక్కున తిరిగి గట్టు దిగి వెళ్లిపోయారు. అలిగి పుట్టింటికి ప్రయాణమయ్యారని గట్టుమీద ఏకగ్రీవంగా తీర్మానమైంది. పావుగంటకి ఆవిడా, పెద్దకూతురూ చెరో కొసా పట్టుకుని వంటింటి తలుపు మోసుకొచ్చారు.

"మా నాన్న చేయించిన టేకు తలుపు వదిలేసి, ఆ మామిడి చెక్కలెందుకండీ తెచ్చేరు?"

"ఆయ్," అన్నారు భైరవస్వామిగారు.

టేకు తలుపు నిలిచింది. బస్తాలు దాన్ని ఆనుకుని కుదురుకున్నాయి. సాయంత్రానికి గండి పూడింది. ఆ ఏడాదంతా వారింటికి వెళ్లినవాళ్లకి తలుపు తట్టే పని లేకపోయింది. అంతకుముందు మాత్రం ఎవరు తట్టారు గనక!