బాబాయిని చెప్పనివ్వండిరా

హాస్య పాడ్‌కాస్టులో మాట్లాడేది తమ్ముడూ, వాడి స్నేహితుడూ. రికార్డు చేసి, కోసి, అతికే పని అక్కది. అతిథి నోరు తెరిచేలోపే వాళ్లిద్దరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వుల కింద నలిగిన మాటలను ఏరేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఈసారి ఒక ముసలి హాస్యనటుడు వచ్చాడు. తొలి నాటకంలో తాను మాట మరిచిపోయి ఎలా గట్టెక్కాడో చెప్పాలని ఆయన ముచ్చట. మొదలుపెట్టినప్పుడల్లా తమ్ముడు అందుకుని, "అచ్చం నాకూ ఇంతే సార్," అంటూ తన గోల ఎత్తుకున్నాడు. చివరికి ఆయన నీళ్ల గ్లాసు పట్టుకుని ఊరుకున్నాడు.

రికార్డింగు గది గాజు అద్దం వెనక కూర్చున్న అక్క లేచి లోపలికొచ్చి, కుర్రాళ్లిద్దరి మైకులూ తీసేసింది.

"అక్కా, రికార్డింగు నడుస్తోంది."

"నడవనీరా. ఆయన్ని పిలిచింది నీ సోది వినడానికా? ఇద్దరూ బయటికి నడవండి."

తమ్ముడి కుర్చీలో కూర్చుని, "మీరు చెప్పండి బాబాయ్," అంది.

ఆయన తీరిగ్గా చివరిదాకా చెప్పాడు. ఆమెకు పెద్దగా నవ్వు రాలేదు. ఆయన అది కనిపెట్టాడు.

"బాగాలేదా అమ్మాయ్?"

"మీరు గట్టెక్కేదాకా నాకు ఊపిరాడలేదు బాబాయ్. ఇంక నవ్వేం వస్తుంది? తర్వాతి నాటకం సంగతి చెప్పండి."