నంబర్ తగ్గితే ఇంటికి

మా పాప నస్రీన్‌కు నవ్వితే దగ్గు వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. మాది మెదక్‌లో పరుపుల పని. ముందు గదిలో దూది ఏకే మిషన్, వెనక గదిలో కాపురం. మా ఆయన యాకూబ్ పాత పరుపులు విప్పి దూది ఏకుతాడు, నేను దిండు గలేబులు, బొంతలు కుడతాను. బడి నుంచి రాగానే ఏకిన దూది కుప్ప మీద దూకడం నస్రీన్ ఆట. ఆ సాయంత్రం కూడా దూకి పకపకా నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది, దగ్గు ఆగలేదు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఊపిరి లోపటికి పోతలేదు" అంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, గొంతు కింద గుంట పడుతోంది.

దవాఖానలో నెబులైజర్ పెడితే నెమ్మదించింది. "వీజింగ్, అంటే ఊపిరిలో పిల్లికూతలు ఉన్నాయి. ఆస్తమా కావచ్చు, హైదరాబాద్‌లో చూపించండి" అన్నారు. ఇంటికొచ్చేసరికి వాడకట్టంతా డాక్టర్లే. ఒకరు తాయెత్తు కట్టమన్నారు, ఒకరు ఉల్లిగడ్డ రసం తాగించమన్నారు. "ఆడపిల్లకు దమ్ము రోగం అని బయట చెప్పకు" అని ఒకామె చెవిలో చెప్పింది. దాచుకోవడానికి అదేమైనా బంగారమా? నేను అందరికీ చెప్పాను.

హైదరాబాద్‌లో రక్తం తీశారు. ఇసినోఫిల్స్ ఎక్కువ, ఐజీఈ ఎక్కువ, అంటే అలర్జీ ఉంది అన్నారు. తర్వాత ఫీనో అని ఇంకో టెస్ట్. ఒక గొట్టం నోట్లో పెట్టుకుని ఒకే తీరుగా, మెల్లగా ఊదాలి. ఊదుతుంటే తెర మీద బొమ్మ కదులుతుంది. నస్రీన్‌కు అది ఆటలా నచ్చింది. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది: "ఊపిరి గొట్టాల్లో అలర్జీ వాపు ఉంటే, వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. పిల్లల్లో ముప్పై అయిదు దాటితే ఎక్కువే. మీ పాపకు డెబ్బై రెండు ఉంది."

స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా పెట్టి రోజూ రెండు పూటలా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలైంది. దగ్గు తగ్గింది, పిల్ల ఉరుకులు పెట్టింది. బతికిపోయామనుకున్నాను. మళ్లీ చూపిస్తే ఫీనో అరవై పైనే. డాక్టరమ్మ నా ముఖం చూసి, "మందు రోజూ వేస్తున్నారా?" అంది. నాకు చురుక్కుమంది. "నా చేతుల్తోని ఏస్తున్న మేడం. ఒక్క పూట తప్పలే" అన్నాను. నస్రీన్ చేత ఇన్‌హేలర్ పీల్పించి చూసింది, పద్ధతి సరిగానే ఉంది. "ఊపిరి బలం చూసే స్పైరోమెట్రీ టెస్ట్ నార్మల్. పైకి బాగుంది కానీ లోపల వాపు అలాగే ఉంది. ఇలా ఉంటే ఎప్పుడైనా పెద్ద అటాక్ రావచ్చు" అంది.

వచ్చింది కూడా. ఆ చలికాలంలో మా పిల్లను ఐసీయూలో, మూతికి ఆక్సిజన్ మాస్కుతో చూశాను. శత్రువుకు కూడా ఆ గతి వద్దు.

ఎండాకాలం సెలవులకు చేగుంటలో ఉండే మా అమ్మ దగ్గరికి పంపాను. సెలవులయ్యాక టెస్ట్ చేస్తే ఇరవై ఒకటి. అదే మందు, అదే డోసు. అప్పుడు అడిగింది డాక్టరమ్మ, "మీ ఇంట్లో ఏం పని చేస్తారు?" అని. చెప్పాను. ఏది పడటం లేదో తేల్చడానికి స్కిన్ టెస్ట్ కూడా చేయించి, "దూది కాదమ్మా. పాత పరుపుల దుమ్ములో కంటికి కనపడని పురుగులుంటాయి. అవి పాపకు పడటం లేదు" అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ గొట్టం పట్టింది.

మా ఆయన నమ్మలేదు. "మా తాత, మా నాయిన గీ దూదిలనే బతికిండ్రు. ఎవ్వలకు రాలే గీ బీమారి" అన్నాడు. అయినా మిషన్‌ను రామాయంపేట రోడ్డు మీద రేకుల షెడ్డుకు మార్చాడు. వేరే ఇల్లు కిరాయికి తీసుకున్నాం. నంబర్ మళ్లీ పెరిగింది. "ఇల్లు మారినా పని మీ బట్టల మీద, జుట్టు మీద ఇంటికి వస్తోందమ్మా" అంది డాక్టరమ్మ. రోజూ స్నానం చేసి బట్టలు మార్చుకుని రావడానికి ఆ షెడ్డులో నీళ్లూ లేవు, చోటూ లేదు. ఆయన కొన్నాళ్లు ఆటో నడిపి చూశాడు, సాగలేదు. ఏకడం తప్ప ఆ చేతులకు ఇంకో పని రాదు. చివరికి నస్రీన్‌ను చేగుంటలోనే ఉంచి అక్కడి బడిలో చేర్పించాం.

వదిలి వచ్చేటప్పుడు అది వాళ్ల నాయిన అంగీ పట్టుకుని, "ఎప్పుడు తీస్కపోతరు?" అని అడిగింది. ఆయన తట్టుకోలేకపోయాడు. "నంబర్ తగ్గంగనే తీస్కపోత బిడ్డా" అన్నాడు. నేనూ తల ఊపాను.

ఆ మాట పట్టుకుని పిల్ల ఎంత కష్టపడిందో. ఎవరూ చెప్పకుండానే ఇన్‌హేలర్ ఊపుకుని, పీల్చుకుని, నోరు పుక్కిలించేదట. ఆ తర్వాతి రివ్యూలో పందొమ్మిది వచ్చింది. టెస్ట్ మిషన్ దగ్గరి నుంచి ఉరికి వచ్చింది నస్రీన్. "అమ్మా, తగ్గింది! నా పుస్తకాల సంచి చేగుంటల్నే ఉంది. పోయేటప్పుడు తీసుకుందామా?"

మాకు దూరంగా ఉంది కాబట్టే తగ్గిందని ఆ ముఖం చూసి ఎలా చెప్పను? "ఇంకొన్ని దినాలు" అన్నాను. బస్సులో చేగుంట దాకా అది నా పక్కన కాక వేరే సీట్లో కూర్చుంది. దాన్ని దింపి, ఏడ్చుకుంటూ మెదక్ వచ్చాను.

మళ్లీ చూపిస్తే యాభై ఎనిమిది. నా కోపమంతా మా అమ్మ మీద పడింది. "నా కండ్ల ముంగటనే ఏసుకుంటది, ఒట్టు" అని మా అమ్మ ఏడ్చింది. డాక్టరమ్మ మెల్లగా అడిగితే నస్రీనే చెప్పింది. "స్పేసర్ నోట్లె పెట్టుకుంటున్న. ఊపిరి పీల్చుకుంటలేను."

"ఎందుకే?" అన్నాను.

"తగ్గితే తీస్కపోతమన్నరు. తగ్గింది, తీస్కపోలే. పెరిగితేనన్న తీస్కపోతరేమోనని."

డాక్టరమ్మ ముందే దాన్ని దగ్గరికి తీసుకుని ఉన్నమాట చెప్పాను. "మా దగ్గర లేవు కాబట్టే తగ్గింది బిడ్డా." కన్నబిడ్డకు అంతకంటే చేదు మాట ఏ తల్లీ చెప్పి ఉండదు. "నాయినతోని వస్తుందా బీమారి?" అని అడిగింది. "నాయినతోని కాదు, పనితోని" అన్నాను.

ఇప్పుడు దానికి పదేళ్లు. ఆదివారం ఆదివారం మా ఆయన చేగుంట పోతాడు. మా అమ్మ ఇంటి వెనక తలస్నానం చేసి, అక్కడే ఉంచిన బట్టలు కట్టుకుని, అప్పుడు బిడ్డను పిలుస్తాడు. మొదట్లో "జల్ది రా నాయినా" అని తడక బయట నిలబడి తొందర పెట్టేది. ఇప్పుడు ఆటలో ఉంటుంది, రెండుసార్లు పిలిస్తే వస్తుంది. అలా ఉండాలనే కదా మేం కోరుకుంది. అయినా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చుంటాడు.

మొన్నటి రివ్యూలో పదిహేడు వచ్చింది. "వెరీ గుడ్" అంది డాక్టరమ్మ. నస్రీన్ తెర వైపు కూడా చూడలేదు. బయటికి వచ్చాక, "చేగుంట బస్సు ఎన్నింటికుంది?" అని అడిగింది. పిల్ల ఊపిరి దక్కింది, నాకది చాలు అని రోజూ అనుకుంటాను. చాలడం లేదు.

ఇలాంటి పిల్లలున్న తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. ఆ నంబర్ ఎందుకు చూస్తారో పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పండి, దాని మీద ఏ మాటా ఇవ్వకండి. ఇచ్చిన మాట మనం మరిచిపోతాం. వాళ్లు ఆ మాట కోసం ఊపిరి కూడా బిగబట్టుకుంటారు.