నల్లరేగడిలో కుక్క అడుగు

శిబిరం నాలుగో రోజుకే నా ఓపిక అయిపోయింది. బెల్లంకొండ దగ్గరి ఒక ఊళ్ళో, బడి పిల్లలకు జంతువుల అడుగుజాడలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయడం నేర్పే పని నాది. కావలసినవి: పొడి రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు, కూల్‌డ్రింక్ సీసా నుంచి కోసిన రింగు, అరగంట ఓర్పు. చివరిది పద్నాలుగు మంది పిల్లల్లో ఎవరి దగ్గరా లేదు. ఊరి బోరు నీళ్ళు ఉప్పన. ఆ ఉప్పుకి, కలిపిన పొడి సగంసార్లు బకెట్లోనే గట్టిపడిపోయేది.

ఆ రోజు గొర్రెలు కాసే పెద్దాయన బడికి వచ్చాడు. రెండు రోజుల క్రితం వాగు పక్కన ఆయన గొర్రెపిల్లను ఏదో కరిచి చంపింది. ఏడో తరగతి అమ్మాయి పెంచుకునే కుక్క మీద ఆయన అనుమానం.

“ఏమే, ఇయ్యాళ సాయంత్రం మందు పెడతన్నా నీ కుక్కకి. చెప్పలేదనమాక.”

“మా కుక్క కాదు తాతా! సార్ అచ్చు తీస్తే తెలిసిద్ది.”

“ఏంది, సున్నం పోస్తే కుక్క సాక్ష్యం చెప్పిద్దా?”

పిల్లలంతా నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నాకేసి చూసింది.

కుక్కను కూడా తీసుకుని అందరం వాగు దగ్గరికి వెళ్ళాం. గొర్రెపిల్ల పడిన చోట బురద ఎండి, ఒక జాడ మిగిలింది. నాలుగు వేళ్ళు, గోళ్ళు. కుక్కదే. ఏ కుక్కదన్నదే ప్రశ్న. అందులో ప్లాస్టర్ పోశాం. పక్కనే మట్టి తడిపి, అమ్మాయి తన కుక్కను నడిపిస్తే అందులోనూ పోశాం. గట్టిపడ్డాక రెండింటినీ కడిగి స్కేలు పెట్టాను. వాగు జాడ వెడల్పు ఏడు సెంటీమీటర్లు. ఆమె కుక్కది ఆరు.

“చూడు తాతా, చానా తేడా!”

“నాకీ కొలతలు తెలవ్వు సారూ. ఇదా, కాదా? అది చెప్పండి,” అన్నాడు పెద్దాయన.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగు; మట్టి సంగతి కొంత తెలుసు. నల్లరేగడి ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. నేల నెర్రెలిచ్చినట్టే అందులోని జాడ కూడా విచ్చుకుని, ఆరు ఏడు కావచ్చు. ఎండిన జాడను తడి జాడతో పోల్చకూడదు. సరిగ్గా తేల్చాలంటే ఈ కుక్క జాడను కూడా రెండు రోజులు ఎండనిచ్చి, అప్పుడు పోయాలి. ఆయన అన్నాళ్ళు ఆగడు. పొడి కూడా అయిపోయింది. ఎండకు నా కళ్ళు మండుతున్నాయి.

“కాదు,” అన్నాను.

“సదువుకున్నోళ్ళు, మీరంటే సరే,” అని ఆయన కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి రెండు అచ్చులనూ చున్నీలో చుట్టుకుంది.

నరసరావుపేటకు తిరిగొచ్చి పది రోజులైంది. ఆ బడి మాస్టారికి రోజూ ఫోన్ చేసి పిల్లలెలా ఉన్నారని మొదలుపెట్టి, గొర్రెల సంగతి అడుగుతున్నాను. కొన్నాళ్ళు కుక్కను రాత్రిపూట కట్టెయ్యమని ఆ అమ్మాయికి చెప్పాల్సింది. ఎందుకని అడుగుతుందని చెప్పలేదు.